ఒకే ముఖం, వేయి రంగులు

1945కీ 1949కీ మధ్య షికాగో పక్కనున్న లగ్రాంజ్ కర్మాగారం 510 ఈ-7 రకం డీజిల్ ఇంజన్లను తయారుచేసింది. ప్యాసింజరు రైళ్లు లాగడానికే పుట్టిన ఇంజన్లవి. డ్రైవరు గది ఉన్న ప్రతిదానికీ అదే గుండ్రటి ముక్కు, నుదుటి మీద అవే రెండు వాలు అద్దాలు, కడుపులో వెయ్యేసి హార్స్‌పవర్ ఇచ్చే అవే రెండు యంత్రాలు. అయినా గేటు దాటేసరికి ఏ రెండు కంపెనీల ఇంజన్లకూ పోలిక ఉండేది కాదు. సదరన్ పసిఫిక్‌ది ఎరుపు, నారింజ, నలుపు పట్టీలతో కాలిఫోర్నియా తీరానికి వెళ్లింది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌ది నలుపేమో అనిపించేంత ముదురు ఆకుపచ్చ మీద అయిదు సన్నటి బంగారు గీతలు గీయించుకుంది. ఇలినాయ్ సెంట్రల్‌ది చాకొలెట్ గోధుమ, నారింజ రంగులు పూసుకుని న్యూ ఆర్లియన్స్ దారి పట్టింది.

నా దృష్టిలో పాత డీజిల్ ఇంజన్ల అందమంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది. ఆవిరి కాలంలో పెద్ద రైల్వే కంపెనీలకు సొంత ఇంజనీర్లు, సొంత నమూనాలు ఉండేవి. బాయిలరు ఆకారం, పొగగొట్టం, చక్రాల అమరిక చూసి ఇది ఫలానా వారి ఇంజనని తెలిసినవాళ్లు దూరం నుంచే చెప్పేవారు. ఒళ్లంతా నలుపు పూసినా ఇనుమే తన ఊరి పేరు చెప్పుకునేది. డీజిల్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. లగ్రాంజ్ కర్మాగారం జనరల్ మోటార్స్‌ది. కార్ల వ్యాపారంలో ఆరితేరిన ఆ సంస్థ రైలింజన్లనూ అదే తీరున అమ్మింది: నమూనా మాది, నచ్చితే కొనుక్కోండి, కొలతలు మార్చమనొద్దు, రంగు మాత్రం మీ ఇష్టం. ఆ రంగుల కోసం కంపెనీలోనే చిత్రకారుల విభాగం ఒకటి నడిచేది. బేరానికి వెళ్లినప్పుడు లెక్కల కాగితాలతో పాటు, కొనబోయేవారి ఇంజను ఎలా ఉండబోతుందో చూపించే రంగుల బొమ్మ కూడా వెళ్లేది. కంపెనీకున్న పాత పరువు, పోటీదారు మీద పంతం, అది నడిచే నేల వాసన, అన్నీ ఆ పలుచటి రంగు పొరలోనే పట్టాలి. అంత అవసరం పడింది గనకే ఆ రంగులు అంత బాగా కుదిరాయి.

దీనికి నాంది 1934. ఆర్థిక మాంద్యం నడుమ, కార్లూ బస్సులూ ప్రయాణికులను తన్నుకుపోతున్న రోజులవి. ఆ ఫిబ్రవరిలో యూనియన్ పసిఫిక్ ఎం-10000 అనే మూడు పెట్టెల అల్యూమినియం రైలును జనానికి చూపించింది. దాని యంత్రం డీజిల్ కాదు గానీ, ఆకారం, రంగు మాత్రం రాబోయే కాలానివే. పసుపు, దాని మీద బంగారు గోధుమ. పసుపును ఎంచుకున్నది అందం కోసమే కాదు. కాపలా లేని లెవెల్ క్రాసింగుల దగ్గర దూరం నుంచే కంటబడే రంగు అది. తొంభై ఏళ్లు దాటినా యూనియన్ పసిఫిక్ ఇంజన్లు ఇప్పటికీ పసుపే. అంతకాలం ఒకే రంగును వదలకుండా పట్టుకున్న కంపెనీలు లోకంలో ఎన్నో లేవు.

అదే ఏడాది మే 26న బర్లింగ్టన్ కంపెనీ రైలు జెఫిర్ తెల్లవారుజామున డెన్వర్‌లో బయల్దేరి చీకటి పడేలోగా షికాగో చేరింది. 1,633 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా 13 గంటల 5 నిమిషాల్లో. సగటున గంటకు 125 కిలోమీటర్లు. మామూలు రైళ్లకు దాదాపు రెట్టింపు సమయం పట్టే దూరం అది. దాన్ని లాగింది 600 హార్స్‌పవర్ వింటన్ డీజిల్ యంత్రం. ఆ రైలుకు రంగే వేయలేదు. ఫిలడెల్ఫియాలోని బడ్ కంపెనీ తుప్పు పట్టని ఉక్కును గాడులు గాడులుగా ఒత్తి, ఆ మెరుపునే ఒంటికి తొడిగింది. ఇవాళ అది షికాగో సైన్సు మ్యూజియంలో ఉంది. వెలుతురు పడిన చోటల్లా ఆ గాడుల వెంట గీతలు గీతలుగా సాగుతుంది. రంగు లేని లోహం ఇంత పలుకుతుందని అప్పటిదాకా ఏ రైల్వే కూడా అనుకోలేదు.

మూడేళ్ల తర్వాత, 1937లో, ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి. షికాగో నుంచి లాస్ ఏంజలెస్‌కు దాదాపు 3,580 కిలోమీటర్లను 39 గంటల 45 నిమిషాల్లో దాటే సూపర్ చీఫ్ రైలును శాంటా ఫే కంపెనీ ఉక్కు పెట్టెలతో కొత్తగా తీర్చిదిద్దింది. హాలీవుడ్ తారలు ఎక్కే రైలు అది. దానికోసం లగ్రాంజ్‌లో ఈ-1 ఇంజన్లు తయారయ్యాయి. వాటికి రంగులు కూర్చినవాడు జనరల్ మోటార్స్ కళా విభాగంలోని లేలాండ్ నికర్‌బాకర్. ఆయన గీసిన వార్‌బానెట్ అలంకరణకు మించింది రైలింజన్ల చరిత్రలో ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే ఇంజను దగ్గరికి వెళ్లి చూడాలి. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలోని రైలు మ్యూజియంలో ఆ రంగుల్లోనే 347 నంబరు ఎఫ్-7 ఇంజను నిలబడి ఉంది. ముక్కు మొత్తం ఎరుపు. ఆ ఎరుపు అద్దాల మీదుగా నెత్తికెక్కి, డ్రైవరు కిటికీ దాకా వచ్చి, అక్కడినుంచి వంపు తిరిగి కిందికి జారి, ఒంటి వెంట వెనక్కి సాగుతుంది. ఎరుపు అంచున పసుపు పట్టీ, దాన్ని వెలుగులో విడదీసి చూపించడానికి సన్నటి నల్ల గీత. ఆ తర్వాత అంతా వెండి. ముక్కు ముందు పసుపు బిళ్ల, అందులో నల్లటి అక్షరాలతో కంపెనీ పేరు. ఆ బిళ్లకు రెండు పక్కలా పట్టీలు చెంపల మీదుగా వెళ్లి వెనకటి పసుపులో కలుస్తాయి. ఎక్కడా ఒక గీత అనవసరంగా ఆగదు, ఊరికే మొదలవదు. ఇంజను కదలకుండా ఉన్నప్పుడు కూడా ముందుకు దూసుకెళ్తున్నట్టు అనిపించడానికి ఆ వంపే కారణం. ఇంకో కిటుకు, ఎరుపు అయిపోయిన చోట మొదలయ్యే వెండి, వెనక వచ్చే ఉక్కు పెట్టెల వెండి ఒకటే. కాబట్టి ఇంజనూ రైలూ వేరువేరు వస్తువుల్లా కాక తలా ఒళ్లూగా కనిపిస్తాయి. బొమ్మ గీసినవాడు ఇంజనును మాత్రమే కాదు, మొత్తం రైలును చూసి గీశాడు.

ఆ ముక్కు తయారీ కూడా చెప్పుకోదగ్గదే. అది ఒక్క అచ్చులో పోసింది కాదు. వంచిన రేకు ముక్కలను చట్రం మీద వెల్డింగు చేసి, అతుకులు పూడ్చి, చేత్తో నున్నగా రుద్దేవారు. మొదటి ఈ-ఇంజన్లకు ముక్కు బాగా వాలుగా ఉండేది, యుద్ధం తర్వాతివాటికి నిటారుగా, మొండిగా మారింది. అమెరికన్లు దాన్ని బుల్‌డాగ్ ముక్కు అంటారు. వాలు ముక్కే అందమనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం మొండి ముక్కు మీదే ఆ రంగులు ఎక్కువ నిండుగా కనిపిస్తాయి.

ఈ అందంలో ఒక దోషం ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. వార్‌బానెట్ అంటే ఈకల తలపాగా. అది మైదాన ప్రాంతపు ఆదివాసులది, లకోటా, షాయెన్ వంటి జాతులది. శాంటా ఫే రైలు వెళ్లిన న్యూ మెక్సికో, అరిజోనాల్లో ఉన్నది నవాహో, ప్యూబ్లో జనం. వారి నేల మీదుగా పట్టాలు వేసి, వేరే జాతి తలపాగాను ఇంజనుకు తొడిగి, అదంతా ఒకటే అన్నట్టు టిక్కెట్లు అమ్ముకున్నారు. రైలు లోపలి అలంకరణలో ఆదివాసీ కళ పేరుతో వాడుకున్నవీ ఆ కోవలోవే. ఆ గీతల సొగసును మెచ్చుకునేవాళ్లం ఆ గీతలు ఎవరివో కూడా గుర్తుపెట్టుకోవాలి.

1939 నవంబరులో లగ్రాంజ్ నుంచి 103 నంబరుతో నాలుగు ముక్కల ఎఫ్‌టీ ఇంజను బయల్దేరింది. మొత్తం 5,400 హార్స్‌పవర్. పదకొండు నెలలు దేశమంతా 20 రైల్వేల మీద 1,34,000 కిలోమీటర్లకు పైగా తిరిగి సరుకు బళ్లు లాగి చూపించింది. ఆవిరి ఇంజనుకు చావు కబురు చెప్పింది నిజానికి ఇదే. నీళ్లు దొరకని ఎడారి దారిలో ఆవిరి ఇంజన్లతో వేగలేకపోతున్న శాంటా ఫే అందరికన్నా ఎక్కువగా వీటిని కొంది. ఆ తర్వాత వచ్చిన ఎఫ్-3, ఎఫ్-7లు ప్యాసింజరు రైళ్లకూ ఎక్కాయి.

ఇక ఆల్కో. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో తరతరాలుగా ఆవిరి ఇంజన్లు చేసిన కంపెనీ. 1946 సెప్టెంబరులో అది తన 75,000వ ఇంజనును న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ కింద ఉన్న పట్టాల మీదికి తెచ్చి ప్రదర్శనకు పెట్టింది. అది శాంటా ఫే వార్‌బానెట్ రంగుల్లో ఉన్న పీఏ రకం డీజిల్. నమూనా గీసింది జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన రే పాటెన్. పొడవాటి, చదునైన ముక్కు, దాని మీద చతురస్రపు జాలీలో దీపం, కిటికీల వరుస వెంట నిండైన గీతలు, ఒక్క యంత్రంతోనే 2,000 హార్స్‌పవర్. జనరల్ మోటార్స్ ఇంజను గుండ్రంగా, నవ్వుమొహంతో ఉంటే ఇది గంభీరంగా ఉండేది. లోపలున్న 244 యంత్రం మాత్రం మొరాయించేది. డ్రైవరు శక్తి పెంచగానే టర్బో వేగం అందుకునేలోగా నల్లటి పొగ ఎగజిమ్మేది. మెయింటెనెన్సు వాళ్లకు అది తలనొప్పి, ఫొటోలు తీసేవాళ్లకు పండగ. 1953తో పీఏల తయారీ ఆగింది. మొత్తం మూడొందలు కూడా రాలేదు. 244 బదులు ఆల్కో 251 అనే కొత్త యంత్రం చేసింది. ఆ 251 కథ మన దాకా వస్తుంది, తర్వాత చెబుతాను.

1950ల మొదట్లో ఈ రంగులన్నీ ఒకేచోట చూడాలంటే షికాగోకు వెళ్లాలి. దేశంలోని పెద్ద రైల్వేలన్నీ కలిసేది అక్కడే, అదీ ఒక స్టేషన్లో కాదు, ఆరు స్టేషన్లలో. డియర్‌బార్న్ స్టేషన్లో శాంటా ఫే ఎరుపు వెండి, పక్క ప్లాట్‌ఫారం మీద వాబాష్ నీలం. యూనియన్ స్టేషన్లో బర్లింగ్టన్ ఉక్కు మెరుపు, మిల్వాకీ రోడ్ నారింజ, పెన్సిల్వేనియా బంగారు గీతలు. లసాల్ స్ట్రీట్‌లో న్యూయార్క్ సెంట్రల్ ఇంజన్లు రెండు బూడిద రంగుల మధ్య మెరుపు తీగలాంటి తెల్ల చారతో నిలబడేవి. గ్రాండ్ సెంట్రల్‌లో బాల్టిమోర్ అండ్ ఒహాయో నీలం, బూడిద. గ్రేట్ నార్తర్న్ ఎంపైర్ బిల్డర్ నారింజ, ముదురు ఆకుపచ్చల్లో సియాటిల్‌కు పోయేది. అదే వైపు పోయే నార్తర్న్ పసిఫిక్ నార్త్ కోస్ట్ లిమిటెడ్‌కు డిజైనరు రేమండ్ లోవీ రెండు ఆకుపచ్చలు ఇచ్చాడు. ఒకటి అడవి నీడలాగా, ఇంకొకటి ఎండ పడిన ఆకులాగా. సరిగ్గా అదే అడవుల గుండా వెళ్లే రైలు అది. గడ్డి మైదానాల కంపెనీకి పసుపు, ఎడారి కంపెనీకి ఎరుపు, అడవి కంపెనీకి ఆకుపచ్చ. ఎక్కడికి వెళ్లబోతున్నామో టిక్కెట్టు చూసుకోకముందే ఇంజను చెప్పేది.

షికాగో పడమటి శివార్లు ఇవాళ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రాంతం. నేపర్‌విల్, అరోరా మీదుగా వెళ్లే లైను బర్లింగ్టన్‌దే, 1934లో జెఫిర్ షికాగోలోకి దూసుకొచ్చింది ఆ దారినే. 1980ల్లో అరోరాలో వేంకటేశ్వరస్వామి గుడి వెలిసేనాటికి, ఆ లైను మీద ఉదయం సాయంత్రం ఉద్యోగులను మోస్తున్నవి పాత ఈ రకం ఇంజన్లే. బర్లింగ్టన్ నార్తర్న్ ఆకుపచ్చ రంగు వేసుకుని 1990ల మొదటి దాకా పనిచేశాయి. మొదటి తరం ప్రవాసుల్లో కొందరు రోజూ ఆఫీసుకు వెళ్లింది వాటి వెనకే.

ఈ ముక్కు అమెరికాతో ఆగలేదు. స్వీడన్‌లో నోహాబ్ కంపెనీ లైసెన్సు తీసుకుని, రెండు వైపులా ముక్కులున్న ఇంజన్లు చేసి 1954 నుంచి డెన్మార్క్‌కు, తర్వాత నార్వేకు ఇచ్చింది. సోషలిస్టు హంగరీ కూడా 1960ల్లో 20 కొనుక్కుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1952లో నీలం, బంగారు రంగుల్లో బీ-క్లాసు ఇంజన్లు తెచ్చింది. పశ్చిమ జర్మనీ 1953లో సొంతంగా చేసుకున్న వీ-200 ఎర్రటి ఇంజను మాత్రం ఎవరి పోలికా కాదు. బ్రిటన్‌లో 1955 నాటి డెల్టిక్ నమూనా లేత నీలం ఒంటి మీద ముక్కు చుట్టూ మీగడ రంగు చారలతో వచ్చింది, చూడగానే అమెరికా గుర్తొస్తుంది. 1961-62లో వచ్చిన 22 డెల్టిక్‌లు ఒక్కొక్కటి 3,300 హార్స్‌పవర్‌తో లండన్-ఎడిన్‌బరో రైళ్లను గంటకు వంద మైళ్ల వేగంతో లాగాయి. వాటి రెండు ఛాయల ఆకుపచ్చ నాకు చాలా ఇష్టం. కానీ పట్టాల మీద పనిచేసే గ్యాంగుమన్ల ప్రాణాలు కాపాడటానికి ముఖం నిండా పసుపు పూయాల్సి వచ్చింది. ఆ పసుపును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో రంగులు వెలిసిపోవడం వెనక అంత మంచి కారణం లేదు. విమానాలూ, జాతీయ రహదారులూ ప్రయాణికులను తీసుకుపోయాయి. రాబడి తగ్గగానే మొదటి కోత రంగుల మీదే పడింది. గీతలు ఎక్కువయ్యే కొద్దీ మాస్కింగు, పనిగంటలు, ఇంజను షెడ్డులో నిలిచే రోజులు పెరుగుతాయి మరి. పెన్సిల్వేనియా అయిదు గీతలు ఒకే వెడల్పు గీతగా మారాయి. సదరన్ పసిఫిక్ 1958లో ఎరుపు, నారింజ, నలుపు వదిలేసి, ఒళ్లంతా బూడిద పూసి ముక్కుకు మాత్రం ఎరుపు ఉంచింది. 1968లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ కలిసి పెన్ సెంట్రల్ అయినప్పుడు నలుపే మిగిలింది. రెండేళ్లకే ఆ కంపెనీ దివాలా తీసింది. బంగారు గీతలను, మెరుపు చారను ఒక్క నల్ల డబ్బాలో ముంచేసిన ఆ నిర్ణయాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

1971 మే 1న ప్యాసింజరు రైళ్ల భారం ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ మీద పడింది. ఇంజన్లు, పెట్టెలు ఎక్కడెక్కడినుంచో వచ్చాయి. కొన్నాళ్లు ఒకే రైలులో యూనియన్ పసిఫిక్ పసుపు పెట్టె పక్కన శాంటా ఫే ఉక్కు పెట్టె, దాని వెనక ఇంకో కంపెనీ ఆకుపచ్చ పెట్టె. అభిమానులు దాన్ని ఇంద్రధనుస్సు కాలమంటారు. చూడటానికి బాగానే ఉండేది, కానీ అది ఇల్లు ఖాళీ చేసినప్పుడు కనిపించే బాగు. 1974లో శాంటా ఫే తన సూపర్ చీఫ్ పేరు వాడొద్దని వెనక్కి తీసుకుంది. ఆమ్‌ట్రాక్ నడిపే తీరు ఆ పేరుకు తగదని దాని అభ్యంతరం. లాభం లేని రైలును వదిలించుకున్న కంపెనీ కూడా ఆ రైలు పేరు పాడవకూడదనుకుంది.

వార్‌బానెట్ మాత్రం మళ్లీ లేచింది. 1967 చివర్లో సూపర్ చీఫ్ కోసం కొన్న ఎఫ్‌పీ-45 ఇంజన్లకు 1989లో, ప్యాసింజరు రైళ్లు పోయిన పద్దెనిమిదేళ్లకు, శాంటా ఫే ఎరుపు, వెండి రంగులు తిరిగి వేయించింది. ఈసారి సరుకు బళ్ల కోసం. ఆ తర్వాత కొన్న కొత్త ఇంజన్లన్నిటికీ అవే రంగులు. 1995లో బర్లింగ్టన్ నార్తర్న్‌తో కలిసిపోయాక కూడా కొన్నేళ్లు ఆ రంగు సాగింది. 2012లో నార్‌ఫోక్ సదరన్ తనలో కలిసిపోయిన పాత కంపెనీల రంగులను 20 కొత్త ఇంజన్లకు వేయించినప్పుడు, పెన్సిల్వేనియా అయిదు గీతలు కూడా తిరిగొచ్చాయి. ఆల్కో పీఏలలో ప్రాణాలతో మిగిలినవి కొద్దే. శాంటా ఫే దగ్గరనుంచి 1967లో నాలుగింటిని డెలావేర్ అండ్ హడ్సన్ అనే చిన్న కంపెనీ కొని, ఎరుపు స్థానంలో నీలం పూసి, వార్‌బానెట్ గీతలను అలాగే ఉంచింది. తర్వాత అవి మెక్సికో చేరాయి. రెండింటిని 2000లో తుప్పు పట్టిన డొల్లలుగా తిరిగి తెచ్చుకున్నారు. అందులో ఒకటి ఓ అభిమాని చేతుల్లో ఏళ్ల తరబడి పనితో మళ్లీ ముఖం సంపాదించుకుంది.

ఇప్పుడు 251 యంత్రం సంగతి. 1962లో ఆల్కో పంపిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు మన దేశంలో దిగాయి. పదహారు సిలిండర్ల 251 యంత్రం, 2,600 హార్స్‌పవర్. 1961లో వారణాసిలో మొదలైన డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 జనవరి నుంచి వాటిని ఇక్కడే తయారుచేయసాగింది. షెనెక్టడీలో ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానేసింది. వారణాసి మాత్రం ఆ వంశాన్ని 2010ల దాకా నడిపింది. పుట్టినింట్లో ఆరిపోయిన దీపం మన దగ్గర ఇంకో నలభై ఏళ్లు వెలిగింది.

డబ్ల్యూడీఎం-2కు పీఏ సొగసు లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు. ముక్కు లేదు, పొడవాటి పెట్టె, ఒక చివరికి దగ్గరగా డ్రైవరు గది, చుట్టూ నడిచే బాట, కమ్మీలు. ప్యాసింజరుకూ సరుకుకూ ఒకటే ఇంజను. ప్రయాణికుల కోసమే పీ అక్షరంతో డబ్ల్యూడీపీ-1 వచ్చింది 1995లో, వాటిలో కొన్ని విజయవాడ షెడ్డుకే దక్కాయి. అంతదాకా ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ అయినా, ఊరూరా ఆగే ప్యాసింజరైనా డబ్ల్యూడీఎం-2 వెనకే. విశాఖ షెడ్డు ఇంజన్లు కొత్తవలస-కిరండూల్ లైను మీద అరకు కొండల సొరంగాల్లోకి ఎక్కాయి. గుత్తి షెడ్డులో 1970 ప్రాంతంలో జర్మన్ హెన్షెల్ ఇంజన్లు ఎనిమిది ఉండేవి, దేశంలో ఆ రకం ఉన్నవి అవే. ఆ హైడ్రాలిక్ ఇంజన్లు నిలవలేదు, ఆల్కోలు నిలిచాయి.

ఏ స్టేషన్లోనైనా ప్లాట్‌ఫారం చివర డబ్ల్యూడీఎం-2 పక్కన నిలబడిన ఎవరికైనా ఆ తీరు తెలుసు. ఖాళీగా ఉన్నప్పుడు గుబగుబమని ఆగి ఆగి శ్వాస తీస్తుంది. కాళ్ల కింద సిమెంటు వణుకుతుంది. సిగ్నలు పడి, డ్రైవరు శక్తి పెంచే మొదటి నాచ్ వేయగానే శబ్దం బరువెక్కుతుంది. మూడో నాచ్‌కి పొగ గుండ్రంగా లేచి, టర్బో ఈల అందుకునేసరికి పలుచబడుతుంది. నాచ్‌లు ఎనిమిది. వెనక ఇరవై పెట్టెల కప్లింగులు ఒకటొకటిగా బిగుసుకోవడం వినపడుతుంది. వాల్డార్ఫ్ హోటల్ కింద నిలబెట్టిన ఆ పీఏకి ఇది సొంత చెల్లెలు, ఆ పొగే చెబుతుంది.

అమెరికాలో కంపెనీలు చేసిన పనిని ఇక్కడ షెడ్లు చేశాయి. ఇంజను దేశమంతటా ఒకటే గనక, ప్రతి డీజిల్ షెడ్డూ తన ఇంజన్లకు తన రంగులు తానే ఎంచుకుంది. కాజీపేట, గుత్తి, మౌలాలి, విజయవాడ, విశాఖ, వేటి తరహా వాటిదే. ముదురు నీలం మీద మీగడ చార, ఆకుపచ్చ మీద పసుపు, ఎరుపు మీద తెలుపు, ఇలా. నంబరు కింద షెడ్డు పేరు. ఓవర్‌హాలింగ్ అయ్యాక కడిగి, కొత్తగా రంగు వేసి బయటికి పంపేటప్పుడు అక్కడివాళ్లకు అది పెళ్లికూతురే. పట్టాల పక్కన పెరిగిన పిల్లలు నంబరు చదవకముందే ఇది మన షెడ్డు ఇంజనని అరిచేవారు. ఏ పెద్ద డిజైనరూ లేడు, పేటెంటూ లేదు. చేసినవాళ్లు షెడ్డు పెయింటర్లు, ఫోర్‌మన్లు. నికర్‌బాకర్ పేరు పుస్తకాల్లో ఉంది. వీళ్ల పేర్లు ఎక్కడా లేవు.

దాదాపు లైన్లన్నిటికీ కరెంటు తీగలు పడ్డాయి. 2020లో వారణాసి కర్మాగారం పేరు బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది, ఇప్పుడు అక్కడ ముఖ్యంగా కరెంటు ఇంజన్లే. రెండు పాత ఆల్కో వంశపు ఇంజన్లను కలిపి కరెంటు ఇంజనుగా మార్చిన ప్రయోగం కూడా అక్కడే జరిగింది. గుత్తి, మౌలాలి డీజిల్ షెడ్లలో కరెంటు ఇంజన్లు చేరాయి. డీజిల్ పొగ తగ్గినందుకు ఊపిరితిత్తులు సంతోషించాలి, అందులో వాదన లేదు. కానీ ఆ షెడ్ల రంగుల చార్టులు, స్టెన్సిళ్లు ఏ బీరువాల్లో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో ఎవరో ఒకరు వెతకాలి. రంగులు కలిపిన పెయింటర్లలో చాలామంది రిటైరయ్యారు, మిగిలినవారూ అవబోతున్నారు. ముందు వాళ్లను కూర్చోబెట్టి, ఏ ఏడు ఏ నీలం వేశారో, ఆ చార వంపు ఎవరు గీశారో పేర్లతో సహా రాయించాలి. ఆ తర్వాత తుక్కు కింద అమ్మేయకుండా ఒక్కో షెడ్డు ముందు ఒక్కో డబ్ల్యూడీఎం-2ను నిలబెట్టి, ఆ షెడ్డు రంగులే, ఆ షెడ్డు వాళ్ల చేతే వేయించవచ్చు.